మడతల బల్ల దగ్గర మూడో పాఠం

గంజక్క అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. ఆమె అసలు పేరు తెలిసినవాళ్ళూ లేరు. పెద్ద లాండ్రీలో గంజి తొట్టి ముందు ఇరవై రెండేళ్ళు నిలబడింది కాబట్టి ఆ పేరు వచ్చిందని కొందరంటారు. గంజి పెట్టిన కాలరులా మెడ వంచదు కాబట్టి వచ్చిందని ఇంకొందరంటారు. ఆమెనే అడిగి తేల్చుకుందామని వెళితే, "ఏ పేరైతే ఏం, పిలిస్తే పలుకుతున్నాగా" అని గుమ్మంలోంచే పంపేస్తుంది.

మనిషి పొట్టి. ముంజేతులు మాత్రం ఏ పహిల్వానో అరువిచ్చి తిరిగి తీసుకోవడం మర్చిపోయినట్టు ఉంటాయి. తడి దుప్పట్లు పిండీ పిండీ వచ్చిన చేతులవి. పదకొండో ఏట తల్లి వెంట లాండ్రీ గడప తొక్కింది. బాయిలరు దగ్గర పనిచేసే మనిషిని కట్టుకుంది. కొడుకు రెండో తరగతిలో ఉండగానే ఆ మనిషి దగ్గుతో పోయాడు. "ఏడవడానికి తీరికేదీ, అప్పటికే తొట్టిలో గంజి ఉడుకుతోంది" అంటుంది, అదేదో పక్కింటివాళ్ళ కథ అయినట్టు.

కొడుక్కి సంబంధం వెతికే పని కూడా పడలేదామెకు. గంజి కాచడం అయ్యాక మడతల బల్ల దగ్గర రోజూ తన ఎదురుగా నిలబడే పిల్లనే కోడల్ని చేసుకుంది. ఇక్కడ కాస్త మడతల సంగతి చెప్పుకోవాలి, అది తెలియకపోతే మిగతాదేదీ బోధపడదు. ఆసుపత్రి దుప్పటి మడవడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఇద్దరు చెరో కొస పట్టుకుని దూరంగా నిలబడతారు. బిగలాగి ఒక్క విదిలింపు విదిలిస్తారు. నిలువునా సగానికి వేస్తారు. అప్పుడు ఒకరు కొసను చిన్నగా లాగుతారు. ఆ లాగుడు చేతికి తగలగానే రెండోవాళ్ళు నాలుగడుగులు ముందుకు నడిచి తమ కొసలు అందించాలి. యంత్రాల హోరులో మాట వినపడదు, అందుకని మాటలుండవు. లాగితే వెళ్ళాలి, అంతే. రోజుకి మూడు వందల దుప్పట్లు. ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టాలన్నదాని మీద పోట్లాడుకుని, అత్తాకోడళ్ళు వారం రోజులు మాటలు మానేసినప్పుడు కూడా వాళ్ళ మడతలో అంగుళం తేడా రాలేదు.

ఇంతలో యుద్ధం వచ్చి పడింది. కొడుకు యూనిఫాం వేసుకుని రైలెక్కాడు. వీధి దీపాలు ఆర్పేశారు. విమానాలకు కనపడకూడదని కిటికీలకు నల్ల కాగితాలు అంటించుకోమన్నారు. ఆసుపత్రులు మూడింతలయ్యాయి, దుప్పట్లు ఆరింతలయ్యాయి. లాండ్రీ పని తెల్లవారుజామున అయిదింటికే మొదలయ్యేది. చలికాలం, ఆ వేళకి కన్ను పొడుచుకున్నా కనపడదు. ఇంటి నుంచి లాండ్రీకి వెళ్ళాలంటే గూడ్సు షెడ్డు గోడ వెంటే నడవాలి. పొడుగాటి ఇటుక గోడ, మధ్యలో ఒక మలుపు. మామూలు రోజుల్లో అక్కడొక దీపస్తంభం వెలిగేది. ఇప్పుడు ఆ స్తంభానికే గుద్దుకుని ఇద్దరికి నుదుళ్ళు బొప్పి కట్టాయి.

అత్తాకోడళ్ళు రోజూ కలిసే వెళ్ళేవారు. ఆ ఒక్కరోజు గంజి కొత్త రకం వచ్చిందని, కాచి చూడాలని, గంజక్క గంట ముందు వెళ్ళింది. కోడలు ఒంటరిగా బయల్దేరింది. లాండ్రీకి రాలేదు.

మధ్యాహ్నం గంజక్క ఇంటికి పరిగెత్తుకొచ్చేసరికి తలుపుకి లోపల గడియ. పదిసార్లు పిలిస్తే తీసింది. కోటు చెయ్యి భుజం దగ్గర ఊడి వేలాడుతోంది. ఎడమ మణికట్టు మీద నాలుగు వేళ్ళ గుర్తులు.

"ఎవరే? ఏం చేశాడు?"

"ఎవరో పట్టుకున్నాడత్తయ్యా. మలుపు దగ్గర. తర్వాత వదిలేశాడు. వచ్చేశాను."

అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. వాడెవడో ఆ రోజుకీ తెలియలేదు, ఈ రోజుకీ తెలియదు. ఆ నాటి నుంచి కోడలు గుమ్మం దాటలేదు. తెల్లవారుజామునే లేచేది, బూట్లు వేసుకునేది, కోటు తొడుక్కునేది, గడియ మీద చెయ్యి వేసేది. అక్కడితో సరి. చెయ్యి అలాగే ఉండేది. కాసేపటికి వెనక్కి వచ్చి బూట్లు విప్పుకునేది. మొగుడికి మాత్రం ఉత్తరం రాసేది: అందరం క్షేమం, పని బాగా జరుగుతోంది, మీరు మేజోళ్ళు పొడిగా ఉంచుకోండి.

వీధిలో సలహాలకు కొదవేముంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ. "ఇంట్లో ఉంటే ఏం పోయింది, వేరే ఎవరైనా మడుస్తారు దుప్పట్లు" అన్నారు. "ఆడపిల్ల ఆ వేళప్పుడు వెళ్ళడమే తప్పు" అన్నారు. ఆ రెండో మాట అన్నావిడకి గంజక్క ఇచ్చిన జవాబు ఇక్కడ రాయడానికి వీల్లేదు. ఇంట్లోకి వచ్చాక మాత్రం కూలబడింది. అత్తకి కావలసింది రెండో జీతం కాదు, ఇంట్లో తోడూ కాదు. గలగలా నవ్వే పిల్ల, రోడ్డు మీద తనకన్నా నాలుగడుగులు ముందు నడిచే పిల్ల, ఆ నాలుగు గోడల మధ్య ఉడికి ఉడికి గంజి అయిపోతుందేమోనని ఆమె భయం. ఇలాంటి భయానికి అలవాటు పడ్డ కాళ్ళు ఎన్నేళ్ళైనా కదలవని ఆమెకు తెలుసు. లాండ్రీలో అలా ఇంటికి వెళ్ళి తిరిగి రానివాళ్ళను చూసింది.

ఆ నెలలోనే చీకటి దారికి భయపడి మరో ముగ్గురు ఆడవాళ్ళు పని మానేశారు. దుప్పట్లు ఆగితే ఆసుపత్రివాళ్ళు ఊరుకోరు. మేనేజరు ప్రజారక్షణ కార్యాలయానికి పరిగెత్తి, ఒక డ్రిల్లు మాస్టారిని పట్టుకొచ్చాడు. వారానికి రెండు రోజులు, భోజనాల గంటలో అరగంట, మడతల బల్ల పక్కకి జరిపి ఆడవాళ్ళకి ఆత్మరక్షణ నేర్పుతారన్నాడు.

మాస్టారు సన్నగా ఉంటాడు, మీసం లావుగా ఉంటుంది. ఎడమ మోకాలు వంగదు కాబట్టి యుద్ధానికి తీసుకోలేదు. చేతిలో పన్నెండు పాఠాల చిన్న పుస్తకం. పేజీకో బొమ్మ. ప్రతి బొమ్మలోనూ టోపీ పెట్టుకున్న ఒకావిడ, ఆవిణ్ణి పట్టుకున్న ఒక మీసాలవాడు.

"ముందే చెప్తున్నాను, ఆడవాళ్ళకి నేర్పడం నాకు కొత్త" అన్నాడాయన, గొంతు సవరించుకుని.

"మాకు తన్నులు తినడం పాత మాస్టారూ, తన్నడమే కొత్త" అంది నురగ. సబ్బు తొట్టి దగ్గర పనిచేస్తుంది, నోరు మూతపడదు కాబట్టి ఆ పేరు. పుస్తకం లాక్కుని బొమ్మ చూసింది. "అదికాదు, వాడు పీక పట్టుకుంటే ఈవిడకి నవ్వెందుకొస్తోంది? చక్కిలిగింతలా?"

అందరూ పగలబడ్డారు. మాస్టారు బొమ్మ వంక తనూ కొత్తగా చూశాడు. నిజమే, పన్నెండు బొమ్మల్లోనూ ఆవిడ నవ్వుతోంది.

ఇస్త్రీ రోలరు పక్కన స్టూలు మీద కూర్చున్న పెద్దమ్మ అప్పుడు నోరు విప్పింది. డెబ్బై దాటినా పని మానని మనిషి. రోలరు పెద్దమ్మంటే మేనేజరు కూడా టోపీ తీస్తాడు. "పోయిన యుద్ధంలో మాకు పుస్తకాలూ లేవు, మాస్టార్లూ లేరు. మా అమ్మ నా సంచిలో రెండంగుళాల పిన్నీసు పెట్టి పంపేది. మా పిన్ని జేబురుమాలు కొసలో గులకరాయి మూటకట్టుకునేది. ఇంకొకావిడ బూడిద పొట్లం పట్టుకు తిరిగేది."

"పనికొచ్చాయా పెద్దమ్మా?"

"నా పిన్నీసు సంచి అడుగున ఉండేదే తల్లీ. అది వెతుక్కునేలోపు వాడు ముసలాడైపోతాడు. బూడిదావిడకి ఎదురుగాలి వీచి తన కళ్ళే మండాయి."

"మరేం చేసేవారు?" అని అడిగింది మాస్టారే.

"నలుగురం చేతులు పట్టుకుని నడిరోడ్డు మీద, గోడకి దూరంగా నడిచేవాళ్ళం. గట్టిగా పాడుకుంటూ. నా గొంతు వింటే దొంగలే కాదు, కుక్కలు కూడా పారిపోయేవి. ఆఫీసువాళ్ళు మాకు నేర్పిన పాఠం ఒక్కటే, పెందలాడే ఇల్లు చేరండని. పెందలాడే పని వదిలిన మహానుభావుడు ఒక్కడూ లేడు."

మాస్టారు జేబులోంచి పెన్సిలు తీసి పుస్తకం అట్ట లోపలివైపు ఏదో రాసుకున్నాడు. అది చూశాక గంజక్కకి ఆయన మీద కాస్త గురి కుదిరింది. తెలిసినవాడు రాసుకోడు, తెలుసుకునేవాడే రాసుకుంటాడు.

ఆమె ఆ తరగతికి వెళ్ళింది తనకోసం కాదు. ఒక్కో పాఠం బుర్రలో మోసుకుని ఇంటికి తెచ్చేది. కోడలు బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే, ఎదురుగా దిండును నిలబెట్టి పాఠం ఒప్పజెప్పేది. మొదటి పాఠం, అరుపు. గంజక్క అరిస్తే పై వాటావాళ్ళు దిగొచ్చారు. రెండో పాఠం, వెనక నుంచి పట్టుకుంటే ఒక్కసారి కిందికి కుంగడం, తడి బట్టల బుట్ట ఎత్తేటప్పుడు కుంగినట్టు. గంజక్క కుంగింది, లేవలేకపోయింది. కోడలు వచ్చి చెయ్యిచ్చి లేపింది. నవ్వలేదు. మళ్ళీ వెళ్ళి దుంపలు చెక్కింది.

"నీకే చెప్తున్నానే, గోడకి కాదు."

"వింటున్నానత్తయ్యా."

"విని?"

"విన్నాను కదా."

కోడలు గుమ్మం దాటక అలా ఇరవై మూడు రోజులు గడిచాయి.

మూడో పాఠం దగ్గర సగం లాండ్రీ తప్పింది. మణికట్టు పట్టుకుని లాగితే ఏం చెయ్యాలన్నది ఆ పాఠం. పుస్తకంలో, కాళ్ళు నేలకి తన్నిపెట్టి, ఒంటి బరువంతా వెనక్కి వేసి, చెయ్యి గుంజుకోవాలని ఉంది. మాస్టారు ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని లాగాడు. సబ్బు తొట్టి దగ్గరివాళ్ళు బాగానే గుంజుకున్నారు. మడతల బల్లవాళ్ళ దగ్గరికొచ్చేసరికి వింత. మణికట్టు పట్టుకుని ఇలా లాగడం తరువాయి, ఒక్కొక్కరూ టకటకా నాలుగడుగులు ముందుకు నడిచి ఆయన మీదికి వచ్చేస్తున్నారు. ఒకావిడైతే రెండో చెయ్యి కూడా ఎత్తి అందించింది, దుప్పటి కొస ఇస్తున్నట్టు.

"ఏమ్మా, వాడు లాగుతుంటే నువ్వే వెళతావేంటి?" మాస్టారుకి చెమట్లు పట్టాయి. "వెనక్కి! వెనక్కి లాగాలి!"

"ఏం చెయ్యను మాస్టారూ, పదహారేళ్ళ అలవాటు. కాళ్ళే వెళ్ళిపోతున్నాయి."

"దుప్పటి కాదమ్మా అది, దొంగ!"

"మడిచి లోపల పెట్టమంటారా?" అంది నురగ దూరం నుంచి.

చివరికి గంజక్క వంతు వచ్చింది. అప్పటికి మాస్టారి ఓపిక అడుగంటింది. ముందుకు వెళితే ఎంత ప్రమాదమో ఈమెతో చూపిస్తే మిగతావాళ్ళకి బుద్ధి వస్తుందనుకున్నాడు. మణికట్టు బిగించి పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి ఒక్క గుంజు గుంజాడు.

ఇరవై రెండేళ్ళ అలవాటున్న కాళ్ళు ఇంకెలా వెళతాయి? గంజక్క ఆ గుంజుతో పాటే, గుంజుకన్నా వేగంగా, తన బరువంతా వేసుకుని ఆయన మీదికి వెళ్ళిపోయింది. అదే ఊపులో మణికట్టు తనంతట తనే తిరిగింది, తడి దుప్పటి పిండినట్టు. భుజం వెళ్ళి ఆయన రొమ్ముకి తగిలింది. వెనక్కి లాగుతున్న మనిషి వెనక్కే వెళ్ళాడు. వెళ్ళి వెళ్ళి, మాసిన దుప్పట్ల గుట్టలో వెల్లకిలా పడ్డాడు. మీసం మాత్రం కనపడుతోంది.

అందరూ గుట్ట చుట్టూ మూగారు.

"మాస్టారూ," అంది నురగ మెల్లగా, "ఇది ఎన్నో పాఠం?"

గంజక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పని పోయిందనుకుంది. మాస్టారు లేవలేదు. దుప్పట్లలోనే పడుకుని పైకప్పు వంక చూస్తూ ఏదో లెక్కవేసుకుంటున్నాడు. తర్వాత వంగని మోకాలితో తిప్పలు పడి లేచి, చొక్కా దులుపుకుని, "మళ్ళీ చెయ్యి" అన్నాడు.

మళ్ళీ పడ్డాడు. మూడోసారీ పడ్డాడు. నాలుగోసారి ముందే సిద్ధపడి కాళ్ళు ఊతంగా పెట్టుకున్నాడు. పడలేదు గానీ చెయ్యి మాత్రం జారిపోయింది. బొటనవేలికీ మిగతా వేళ్ళకీ మధ్య సందులోంచి గంజక్క మణికట్టు పాములా బయటికి వచ్చేసింది.

ఆయన బల్ల అంచు మీద కూర్చున్నాడు. "చూడండమ్మా. నేను లాగినప్పుడు మీరు వెనక్కి లాగితే, నాకు ఊతం ఇచ్చేది మీరే. తాడుకి రెండో కొస పట్టుకున్నట్టు. అవతల ఎవరూ పట్టుకోకపోతే లాగేవాడు ఏమవుతాడు? వెనక్కి పడతాడు. మీకన్నా బలమున్నవాడితో గుంజులాటకి దిగితే ఓడిపోతారు. ఈమె గుంజులాటకే దిగలేదు." పెన్సిలు తీసి మూడో పాఠం మీద అడ్డంగా ఒక గీత కొట్టాడు. "ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. పడ్డాక నిలబడి చూడొద్దు. పరుగు."

ఆ సాయంత్రం గంజక్క ఇంటికి నడిచి రాలేదు, ఎగిరొచ్చింది. కోటు విప్పకుండానే మొదలుపెట్టింది, మాస్టారు ఎలా లాగాడు, తానెలా వెళ్ళింది, ఆయన ఎలా గుట్టలో కూరుకుపోయాడు, నురగ ఏమంది. చెబుతూ చెబుతూ తనే నవ్వుతోంది. కోడలి చేతిలో కత్తి ఆగిపోయిన సంగతి చూసుకోలేదు.

"ఎటు పడ్డాడత్తయ్యా?"

ఇరవై మూడు రోజుల్లో ఆ పిల్ల నోట్లోంచి వచ్చిన మొదటి ప్రశ్న అది. గంజక్క నవ్వు ఆపేసింది.

"ఎటు పడటం ఏంటే? వెనక్కి. వెల్లకిలా."

కోడలు దుంప పక్కన పెట్టింది. కత్తి పక్కన పెట్టింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆ చేతులతోనే మాట్లాడుతున్నట్టు కిందికి చూస్తూ చెప్పింది.

"నేను వెళ్ళానత్తయ్యా. వాడు లాగాడు, నేనే వెళ్ళాను. నాలుగడుగులు. ఎవరూ తొయ్యలేదు. నా కాళ్ళే వెళ్ళాయి. వెనక్కి లాక్కోవాలని కూడా తోచలేదు. ఏ ఆడదైనా వెనక్కి లాక్కుంటుంది కదా? నేను వాడి మీదికి వెళ్ళాను. ఈ మాట ఎవరికి చెప్పమంటారు? ఆయనకి ఉత్తరంలో రాయమంటారా?"

గంజక్క స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఇన్నాళ్ళూ ఆ పిల్ల మోసింది వాడి భయం అనుకుంది. మోసింది ఇదన్నమాట.

"తర్వాత?"

"తర్వాత ఏమో. ఏదో తగిలింది. దబ్బుమని చప్పుడైంది. నా చెయ్యి వదిలేశాడు. కోటు చిరిగింది. పరిగెత్తాను. ఎందుకు వదిలేశాడో తెలీదు."

"చప్పుడెక్కణ్ణుంచి వచ్చింది? గోడవైపు నుంచా, రోడ్డువైపు నుంచా?"

కోడలు కళ్ళు మూసుకుంది. "గోడవైపు నుంచి. వాడి వెనక గోడ."

"పిచ్చి మొహమా!" గంజక్క లేచి నిలబడింది. "వాడు వదిలెయ్యలేదే! నువ్వు పడేశావే వాణ్ణి! మాస్టారుకి దుప్పట్ల గుట్ట ఉంది కాబట్టి బతికిపోయాడు, వాడికి ఇటుక గోడ దొరికింది! ఈపాటికి ఎక్కడో నడుముకి పట్టీ వేయించుకుంటూ ఉంటాడు!"

"అత్తయ్యా..."

"లే. లే పైకి. నా చెయ్యి పట్టుకుని కాదు, నేనే నీ చెయ్యి పట్టుకుంటా."

వంటగదిలో చోటు చాలదు. పడకగదిలోకి వెళ్ళారు. గంజక్క మంచానికి వీపు పెట్టి నిలబడింది, కోడలి మణికట్టు పట్టుకుంది. ఆ నాలుగు వేళ్ళ గుర్తులు పసుపుపచ్చగా మారి ఇంకా కొంచెం కనపడుతున్నాయి. వాటి పక్కగా పట్టుకుంది. లాగింది.

మొదటిసారి కోడలు కదల్లేదు. కాళ్ళు నేలలో పాతినట్టు నిలబడిపోయింది.

"దుప్పటే అనుకో" అంది గంజక్క. "మూడు వందల్లో ఒకటి. పొద్దుపోయింది, ఇంటికెళ్ళాలి. తొందరగా అందించు."

మళ్ళీ లాగింది. ఈసారి నాలుగడుగులూ వచ్చాయి. వచ్చిన ఊపుకి గంజక్క మంచం మీద వెల్లకిలా పడింది. మంచం కోడు విరిగింది. తల దిండుకి తగిలింది, నడుము మంచం పట్టెకి తగిలింది. "అమ్మో, చచ్చాన్రా నాయనా" అని ఆమె అరుస్తుంటే, కోడలు మొదట భయపడి వంగి చూసింది. తర్వాత నవ్వింది. ఆ నవ్వు ఎక్కడో మధ్యలో ఏడుపైంది, ఏడుపు మళ్ళీ నవ్వైంది. ఆ రాత్రి వంట ఆలస్యమైంది. గంజక్క నాలుగు రోజులు నడుము పట్టుకుని నడిచింది. అడిగినవాళ్ళందరికీ గర్వంగా చెప్పుకుంది: "మా కోడలు కొట్టింది."

మర్నాడే అంతా చక్కబడిపోలేదు. మర్నాడు బూట్లు వేసుకుంది, గడియ మీద చెయ్యి వేసింది, వెనక్కి వచ్చింది. ఆ మర్నాడు గడియ తీసింది. మూడో రోజు మెట్ల దాకా. మిట్టమధ్యాహ్నం ఎండలో అత్త చెయ్యి పట్టుకుని భోజనాల గంట తరగతికి వచ్చిన రోజున లాండ్రీలో ఎవరూ ఏమీ అడగలేదు. నురగ కూడా అడగలేదు, అడగకుండా ఉండటం ఎంత కష్టమైందో ఆమె ముఖమే చెప్పింది. రోలరు పెద్దమ్మ మాత్రం తన స్టూలు ఇచ్చి, "కూర్చో" అంది. "కూర్చోడానికి రాలేదు పెద్దమ్మా" అంది కోడలు. మాస్టారి దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపింది.

ఆయన ఆ వారం గుట్టలో పదకొండుసార్లు పడ్డాడు.

ఇంకా మిగిలింది తెల్లవారుజాము. పది రోజులు ఇద్దరూ కలిసి నడిచారు, గోడకి దూరంగా, పెద్దమ్మ చెప్పినట్టు నడిరోడ్డు మీద. పదకొండో రోజున మలుపుకి యాభై గజాల ముందు కోడలు ఆగింది.

"మీరు ఇక్కడే ఉండండత్తయ్యా. నేను వెళ్ళాక రండి."

"ఎందుకే, నేనేం అడ్డమొచ్చాను?"

"మీరుంటే మీతో వెళ్ళినట్టే కదా."

గంజక్క అక్కడే నిలబడింది. చీకట్లో ఏమీ కనపడదు. చెవులే ఆధారం. బూట్ల చప్పుడు దూరమైంది. టక్, టక్, టక్. మలుపు దగ్గర ఆగిపోయింది. చాలాసేపు ఆగిపోయింది. షెడ్డులో ఎక్కడో ఇంజను ఆవిరి వదిలింది. గంజక్క కాలు ముందుకు పడబోయింది. పిలుద్దామని నాలుక చివరిదాకా వచ్చింది. కొస తన చేతిలో ఉంది, ఒక్క మాటతో లాగితే ఆ పిల్ల వెనక్కి వచ్చేస్తుంది. అందుకే పెదవి కొరుక్కుని నిలబడింది. అంత బరువు ఏ తొట్టి దగ్గరా ఎత్తలేదని తర్వాత చెప్పింది.

చప్పుడు మళ్ళీ మొదలైంది. పరుగు కాదు, నడక. పని మీద వెళ్ళే మనిషి నడక. మలుపు తిరిగి, సన్నబడి, లాండ్రీ గేటు కిర్రుమన్న చప్పుడులో కలిసిపోయింది.

ఆ తర్వాత సంగతులు గబగబా జరిగాయి. మాస్టారు ఆ పుస్తకం మళ్ళీ అచ్చు వేయించినప్పుడు మూడో పాఠం మారింది. టోపీ ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది గానీ, ఈసారి ముందుకు అడుగు వేస్తోంది. లాండ్రీ పేరు అందులో లేదు. నురగ ప్రజారక్షణ కార్యాలయానికి వెళ్ళి మరీ పోట్లాడొచ్చింది. ఫలితం లేకపోయినా, గుమస్తా ఇచ్చిన టీ బాగుందని చెప్పింది. పని మానేసిన ముగ్గురిలో ఇద్దరు తిరిగొచ్చారు.

బ్రెడ్డు కార్ఖానా ఆడవాళ్ళకి కూడా నేర్పాలన్నప్పుడు మాస్టారు కోడల్ని పంపాడు. "మీలో ఒకరు చెబితే నా మీసం చెప్పినదానికన్నా ఎక్కువ వింటారు" అన్నాడు. ఆమె పుస్తకం తీసుకెళ్ళలేదు. మొదటి రోజు అందరినీ నిలబెట్టి, "రోజంతా మీ చేతులు ఏం చేస్తాయో చూపించండి" అంది. పిండి పిసికేవాళ్ళు అరచేతి మడమతో ముందుకు తోసి చూపించారు. "ఆ తోపు గడ్డం కింద పడితే చాలు" అంది. తర్వాతి తరగతుల్లో బస్సు కండక్టరమ్మలు ఊగే బస్సులో పట్టు లేకుండా నిలబడటం చూపించారు. టెలిఫోను ఎక్స్ఛేంజీ అమ్మాయిలు గొంతు వినిపించారు. ఎవరికి ఏది వచ్చో దాని నుంచే మొదలుపెట్టేది. ఇంటికొచ్చి అత్తకి పూసగుచ్చినట్టు చెప్పేది. పాత యుద్ధంలో ఆడవాళ్ళు ఏం చేసేవారో కూడా ఊరూరా ముసలమ్మల్ని అడిగి రాసుకునేది. పిన్నీసులు, గులకరాళ్ళు, బూడిద పొట్లాలు, తడి తువ్వాలు ముడి, అన్నీ. ఆ నోటుపుస్తకం మూడు వందల పేజీలయింది.

మడతల బల్ల దగ్గర గంజక్క ఎదురుగా ఇప్పుడు నురగ నిలబడుతోంది. లాగితే రాదు, కథ పూర్తయ్యాక వస్తుంది. కొసలు ఎప్పుడూ కలవవు.

యుద్ధం ఆగింది. కొడుకు తిరిగొచ్చాడు, కాస్త చిక్కాడు గానీ చేతులూ కాళ్ళూ క్షేమం. కోడలు అన్నీ చెప్పింది, నాలుగడుగుల సంగతితో సహా. అతను అంతా విని, "నాకూ నేర్పు" అన్నాడట. విరిగిన మంచం కోడుకి అతనే కొత్తది బిగించాడు, మళ్ళీ విరిగింది.

మొన్న ఆదివారం కోడలు పెట్టె సర్దుకుంటోంది. నది అవతల నేత మిల్లులో వారం రోజుల తరగతి. గంజక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇదేమన్నా సత్రమా? వచ్చి తిని పోతున్నావు. అసలు ఇంట్లో ఎప్పుడుంటావే నువ్వు?"

"యుద్ధం అయిపోనివ్వండత్తయ్యా, ఉంటాను."

"అయిపోయి ఆర్నెల్లయింది!"

"అవునా?" కోడలు పెట్టె మూసి, గడియ నొక్కి, ఒక్క క్షణం ఆలోచించింది. "అయితే వచ్చే ఆదివారం."

గంజక్క పక్కకి జరిగి దారిచ్చింది.